ఎండల్లో కుక్కతో ఇల్లు మారేవారికి హెచ్చరిక

పరీక్షలు అయిపోతున్నాయి. బదిలీ ఉత్తర్వులు చేతికొస్తున్నాయి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకో, నాగపూర్‌కో, బెంగళూరు నుంచి విశాఖకో సంసారం తరలించాల్సిన కుటుంబాలు లారీల బేరాల్లో ఉన్నాయి. పిల్లల టీసీలు ఎప్పుడిస్తారు, గ్యాస్ కనెక్షన్ ఎలా మార్చుకోవాలి, పాత సోఫా అమ్మేయాలా పట్టుకెళ్లాలా అని కాగితం మీద రాసుకుంటున్నారు. ఆ కాగితంలో కుక్క ఊసు చాలా ఇళ్లలో ఉండదు. 'దానిదేముంది, వెనక సీట్లో పడుకుంటుంది' అంటారు. ప్రాణాల మీదికి తెచ్చేది ఈ ఒక్క మాటే.

అందుకే సూటిగా చెబుతున్నాం. ఏప్రిల్ రెండో వారం నుంచి జూన్‌లో వానలు పడేదాకా, పొద్దున 10 గంటల తర్వాత, సాయంత్రం పొద్దు వాలకముందు, కుక్కతో దూర ప్రయాణం పెట్టుకోకండి. కారు కొత్తదైనా, ఏసీ బాగా పనిచేస్తున్నా, కుక్కకు ప్రయాణాలు అలవాటున్నా ఇందులో మినహాయింపు లేదు. అలా కుదరదనుకుంటే కుక్క ప్రయాణాన్ని వాయిదా వేయండి. సామాను ముందు వెళ్తుంది, మనుషులు ముందు వెళ్తారు, కుక్క వానలు పడ్డాక వస్తుంది. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, కుక్క ఒంటి తీరు అలాంటిది. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా అరికాళ్ల మెత్తల్లోనే, ఆ కాస్త చెమట దేనికీ చాలదు. అది వేడిని బయటికి పంపే దారి రొప్పడమే. నాలుక బయటికి చాపి, గాలి వేగంగా పీల్చి వదులుతూ, నోట్లోని తడిని ఆవిరి చేసి చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలే కుక్క ఒంటికంటే వేడిగా ఉంటే, లేదా నెల్లూరు, విజయవాడ ఉక్కపోతలో మాదిరిగా గాలిలో తేమ నిండి ఉంటే, ఎంత రొప్పినా పెద్దగా లాభం ఉండదు. పైగా ఆ రొప్పడానికి పడే శ్రమ ఒంట్లో మరింత వేడి పుట్టిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. అంటే మామూలు వేడికీ, ప్రాణాపాయానికీ మధ్య ఉన్న తేడా రెండు డిగ్రీలే. ఆ రెండు డిగ్రీలు పెరగడానికి ఒక టోల్‌గేటు దగ్గర ట్రాఫిక్ జామ్ చాలు.

ముక్కు చప్పిడిగా ఉన్న జాతులకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. 2003లో వచ్చిన హచ్ ఫోన్ ప్రకటన చూసి మన ఊళ్లలో పగ్ కుక్కల మోజు మొదలైంది. తర్వాత షిట్జూలు, బుల్‌డాగ్‌లు వచ్చాయి. ముద్దుగా కనిపించే ఆ అణగిన ముఖం వెనక శ్వాసమార్గం ఇరుకై ఉంటుంది. ఇంట్లో పడుకున్నప్పుడే గురక పెట్టే కుక్క, మే నెలలో మధ్యాహ్నం ఆదిలాబాద్ దాటి నాగపూర్ వైపు వెళ్తున్న కారులో ఎలా ఊపిరి తీసుకోగలదు? మంచు ప్రాంతాల కోసం పుట్టిన హస్కీ, సెయింట్ బెర్నార్డ్‌లదీ అదే పరిస్థితి. బాగా లావెక్కినవి, ముసలివి, గుండె జబ్బు ఉన్నవి, చూడితో ఉన్నవి వేసవిలో రోడ్డు ప్రయాణం చేయనే కూడదు. మీ కుక్క వీటిలో ఒకటైతే ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా చాలవు. వాయిదా వేయడమే మార్గం.

'మా కారులో ఏసీ ఉంది కదా' అనేవాళ్లు ఒక్కసారి ఇల్లు మారే రోజున తమ కారును తలుచుకోవాలి. అది మామూలు రోజు కారులా ఉండదు. లారీవాళ్లకు అప్పగించడానికి మనసొప్పని వస్తువులన్నీ అందులోకే చేరతాయి. దేవుడి పటాలు, మిక్సీ, ల్యాప్‌టాప్ బ్యాగులు, తులసి కుండీ, ఊరగాయ జాడీలు, దుప్పట్ల మూటలు. ముందు సీట్ల వెనక నుంచి పైకప్పు దాకా సామాను పేరుస్తారు. ఆ మిగిలిన మూలలో, వెనక అద్దం కింద కుక్క. ముందున్న ఏసీ గాలి ఆ మూటల గోడను దాటి వెనక్కి వెళ్లదు. వెనక అద్దంలోంచి ఎండ నేరుగా దాని వీపు మీద పడుతుంది. ముందు కూర్చున్న భార్యాభర్తలకు మాత్రం చల్లగా ఉంటుంది. చలేస్తోందని ఏసీ తగ్గిస్తారు కూడా. కుక్క మొదట గట్టిగా రొప్పుతుంది. పాటల మోతలో అది వినపడదు. కాసేపటికి రొప్పు ఆగిపోతుంది. 'హమ్మయ్య, నిద్రపోయింది' అనుకుంటారు. చాలాసార్లు అది నిద్ర కాదు, స్పృహ తప్పడం.

కాబట్టి కుక్క ఉండే చోటికి గాలి ధారాళంగా చేరేలా సామాను సర్దుకోండి. సరిపోకపోతే సామానే లారీకి పంపండి. ఒక మనిషి వెనక సీట్లో కుక్క పక్కనే కూర్చోవాలి, దారి పొడుగునా. అద్దాలకు ఎండ తగలకుండా తెరలు కట్టండి. గోడకు తగిలించే చిన్న థర్మామీటర్ ఒకటి కుక్క పక్కన పెడితే, ముందు సీట్లోవారి చలితో పనిలేకుండా వెనక ఎంత వేడిగా ఉందో తెలిసిపోతుంది.

ఇక కారు ఆపి కుక్కను లోపల ఉంచి టిఫిన్‌కు వెళ్లడం. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎండలో ఆపిన కార్ల లోపలి వేడిని కొలిచారు. గంటలో లోపలి వేడి బయటికంటే సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కొద్దిగా దించి ఉంచినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లు కొలిచింది 36 డిగ్రీలు దాటని రోజుల్లో. మన దగ్గర రామగుండంలోనో రెంటచింతలలోనో 44 డిగ్రీలున్న రోజున ఆ లెక్క ఎక్కడికి పోతుందో ఎవరికి వారే వేసుకోవచ్చు. రెండు ఇడ్లీలు తిని, కాఫీ తాగి, బిల్లు కట్టి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. కుక్కకు ఆ ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేసి, తాళం వేసి వెళ్లడం కూడా నమ్మదగిన పద్ధతి కాదు. నిలిచి ఉన్న కారులో ఏసీ బలం తగ్గుతుంది, ఇంజన్ దానంతటదే ఆగిపోవచ్చు, లోపల కుక్క కాలు ఏ మీట మీద పడుతుందో చెప్పలేం. ఇద్దరుంటే ఒకరు తినండి, ఒకరు కుక్క దగ్గర ఉండండి. ఒక్కరే ఉంటే పార్సిల్ కట్టించుకోండి.

ఇంతకంటే ఘోరమైన దారులు ఇంకా నడుస్తున్నాయి. సామాను లారీలో, కంటెయినర్ తలుపు దగ్గర కుక్కను కట్టి పంపేవారున్నారు. 'క్లీనర్ కుర్రాడు చూసుకుంటాడు, ఐదొందలు ఇచ్చాం' అంటారు. మూసిన ఇనుప డబ్బాలో గాలి ఆడదు. బ్రేకు వేసినప్పుడల్లా బీరువా కదులుతుంది. మెడపట్టీకి కట్టిన గొలుసు కుదుపుకు ఉరితాడవుతుంది. ప్రైవేటు బస్సుల డిక్కీల్లో అట్టపెట్టెలకు చిల్లులు పొడిచి కుక్కపిల్లలను పంపే అలవాటూ ఉంది. రాత్రంతా ఇంజన్ వేడి, పొగ మధ్య ఆ పిల్లలు ప్రయాణిస్తాయి. ఈ రెండూ నేరాలే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ జంతువులను అనవసరమైన బాధ కలిగేలా తరలించడాన్ని నేరంగా చెబుతోంది. మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ యాభై రూపాయలు అలాగే ఉండిపోవడం సిగ్గుచేటు. పార్లమెంటు దాన్ని మార్చి తీరాలి.

జంతువుల రవాణాపై 1978లో కేంద్రం ప్రత్యేకంగా నిబంధనలు చేసింది. వాటిలో కుక్కల గురించి విడిగా ఉంది. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని, రేబిస్ సహా అంటువ్యాధుల లక్షణాలు లేవని పశువైద్యుడు రాసిచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. నిండు చూడితో ఉన్నదాన్ని తరలించకూడదు. దూర ప్రయాణంలో వేసవిలో ప్రతి 4 గంటలకు, చలికాలంలో ప్రతి 6 గంటలకు తాగడానికి నీళ్లివ్వాలి. పెద్ద కుక్కకు 12 గంటలకోసారి, పిల్లలకు 4 గంటలకోసారి తిండి పెట్టాలి. ఇవి కనీస నిబంధనలు. మన ఎండలకు నాలుగు గంటలు చాలా ఎక్కువ, గంటన్నరకోసారి నీళ్లు చూపించడం మంచిది. డబ్బు తీసుకుని కుక్కలను చేరవేసే పెట్ ట్యాక్సీలు ఇప్పుడు నగరాల్లో దొరుకుతున్నాయి. వాళ్లను ఎంచుకునేవారు ఈ నిబంధనలు ఒక్కొక్కటే అడిగి చూడాలి. బండి ఏదో, డ్రైవర్లు ఎందరో, ఎక్కడెక్కడ ఆపుతారో, దారిలో వీడియో కాల్ ఇస్తారో లేదో ముందే రాయించుకోండి. బండి, మనిషి కంటపడకుండానే బోనుకని, ఇన్సూరెన్స్‌కని విడతలవారీగా డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయీ పంపకండి.

పని నాలుగు వారాల ముందు మొదలు కావాలి. మొదట టీకా కార్డు. రేబిస్ టీకా గడువు దాటి ఉంటే వెంటనే వేయించండి. మొదటిసారి వేయిస్తున్న కుక్కకైతే రక్షణ శక్తి రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. బయల్దేరే ముందురోజు వేయిస్తే దారిలో అది ఉపయోగపడదు. పార్వో, డిస్టెంపర్, ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌లకు కలిపి వేసే టీకా సంగతి కూడా అప్పుడే చూసుకోండి. రోడ్డు పక్క గడ్డి, నీటి గుంటలు కొత్త ఊరి జబ్బులను మోసుకొస్తాయి. గోమార్ల మందు మరీ ముఖ్యం. దాబా పక్కన, లాడ్జి గోడల పగుళ్లలో ఉండే ఈ గోమార్ల ద్వారా ఎర్లీషియా, బెబీసియా లాంటి జ్వరాలు సోకుతాయి. ఇల్లు మారిన కొన్నాళ్లకు కుక్క తిండి మానేసి, నీరసించి, ముక్కులోంచి రక్తం కారుతుంటే చాలామంది 'పాత ఇంటి మీద బెంగ' అనుకుంటారు. ఆ ఆలస్యమే కొంప ముంచుతుంది.

క్రేట్ (ప్రయాణపు బోను) అలవాటు చేయడానికి కూడా ఇంతే సమయం కావాలి. కుక్క లేచి నిలబడగలగాలి, అటూ ఇటూ తిరగగలగాలి, కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. ఆ మాత్రం కొలత ఉన్న క్రేట్ తెచ్చి, తలుపు తీసి హాల్లో పెట్టండి. పెరుగన్నం గిన్నె అందులో పెట్టండి. పాత దుప్పటి ఒకటి ఉతకకుండా లోపల పరవండి, ఇంటి వాసన దానికి ధైర్యాన్నిస్తుంది. వారంలో అదే వెళ్లి పడుకుంటుంది. అప్పుడు తలుపు కాసేపు మూయండి. తర్వాత కారులో పెట్టి పది నిమిషాలు, అరగంట, గంట తిప్పండి. కారెక్కితే డాక్టరు దగ్గరికే అని భయపడే కుక్కలు చాలా ఉంటాయి. వాటిని ఏ పార్కుకో తీసుకెళ్లి, ఆడించి తీసుకురండి. పెద్ద కుక్కలకు క్రేట్ పట్టకపోతే ఛాతీకి వేసే హార్నెస్, దాన్ని సీటుబెల్టుకు బిగించే పట్టీ కావాలి. ఉత్త మెడపట్టీకి కట్టి కారులో కూర్చోబెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవద్దు. తల కిటికీలోంచి బయటపెట్టి గాలి పీలుస్తుంటే ముచ్చటగా ఉంటుంది కానీ, ఆ వేగంలో ఒక ఇసుక రేణువు కన్ను పోగొట్టగలదు.

ఇప్పుడు మత్తుమందుల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతోనే చాలామంది ఈ తప్పు చేస్తారు. 'దారంతా మొరుగుతుంది, నిద్రమాత్ర ఒకటి వేస్తే హాయిగా పడుకుంటుంది' అని మెడికల్ షాపులో అడిగి తెచ్చి, సగం చేసి, అన్నంలో కలిపి పెట్టేస్తారు. మత్తులో ఉన్న కుక్క సరిగా రొప్పలేదు. ఏస్‌ప్రొమజిన్ లాంటి మందులు రక్తపోటును తగ్గించి, ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని దెబ్బతీస్తాయి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పగ్ లాంటి వాటికి శ్వాసే ఆగిపోవచ్చు. భయం మరీ ఎక్కువగా ఉన్న కుక్కలకు, కారులో కక్కుకునే వాటికి ఇవ్వదగిన మందులు వేరే ఉన్నాయి. వాటిని పశువైద్యుడే కుక్కను చూసి, బరువు తూచి రాయాలి. రాసిన మందును ప్రయాణం రోజున తొలిసారి వేయకండి. వారం ముందు ఒక సెలవు రోజున, ఇంట్లో, మీ కళ్లెదుట ఒకసారి వేసి, ఎలా ఉంటుందో చూసి డాక్టరుకు చెప్పండి. ఒళ్లు కాలుతోందని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేసేవాళ్లూ ఉన్నారు. మనుషుల ఈ మాత్రలు కుక్క కాలేయాన్ని, కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వడదెబ్బ వేడి వాటితో తగ్గదు కూడా.

సామాను ఎక్కించే రోజు ఎవరూ ఊహించని ప్రమాదం ఒకటుంది. గేటు పొద్దున్నుంచీ బార్లా తెరిచి ఉంటుంది. నలుగురు కొత్త మనుషులు టేపు చప్పుడు చేస్తూ ఇల్లంతా తిరుగుతుంటారు. రోజూ తాను పడుకునే సోఫాను ఎవరో ఎత్తుకుపోతుంటే కుక్క బెదిరిపోతుంది. ఎవరూ చూడని క్షణంలో వీధిలోకి పరిగెత్తుతుంది. లారీ నిండింది, డ్రైవర్ తొందరపెడుతున్నాడు, కుక్క కనపడడం లేదు. అప్పుడు ఆ ఇంట్లో పిల్లల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఆ రోజు దాన్ని తెలిసినవారి ఇంట్లో ఉంచండి. కుదరకపోతే ఒక గది చివరిదాకా ఖాళీ చేయకుండా, అందులో కుక్కను, నీళ్లను, ఇంటి మనిషి ఒకరిని ఉంచి, తలుపు మీద 'తెరవొద్దు' అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించండి. మెడపట్టీకి మీ ఫోను నంబరు చెక్కిన రేకు బిళ్ల ఉండాలి. చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వేయించగలిగితే ఇంకా మంచిది. అందులో ఉండే 15 అంకెల నంబరు పట్టీ ఊడిపోయినా పోదు. దాని వివరాల్లో ఇప్పుడు వాడుతున్న ఫోను నంబరు ఉందో లేదో చూసుకోండి.

దారి విషయానికి వస్తే, హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లేవారిని తీసుకుందాం. 44వ నంబరు జాతీయ రహదారి మీద 1,500 కిలోమీటర్ల పైమాటే. నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా. వేసవిలో దేశంలోకెల్లా మండే పట్టీల్లో ఇదొకటి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. ఆ దారి సరిగ్గా అలాంటిదే. రెండు రోజుల్లో కొట్టేస్తామని పందెం వేసుకునే మగవాళ్లకు ఒక మనవి. కుక్క ఉన్నప్పుడు దాన్ని నాలుగు రోజులు చేయండి. తెల్లవారుజామున మూడింటికి హైదరాబాద్‌లో బయల్దేరితే సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని ఆదిలాబాద్‌కు ఎండ ముదరకముందే చేరవచ్చు. పగలంతా అక్కడ ఏసీ గదిలో ఆగండి. కుక్కను రానిచ్చే లాడ్జి ఏదో వారం ముందే ఫోన్ చేసి కనుక్కోండి, అక్కడికి వెళ్లాక బతిమాలుకుంటూ ఎండలో నిలబడొద్దు. మర్నాడు మళ్లీ మూడింటికి లేచి నాగపూర్, అక్కడి నుంచి ముందుకు. రాత్రంతా నిద్రలేకుండా నడపమని మేం చెప్పడం లేదు. కునుకు పట్టిన డ్రైవరు ఎండకంటే ప్రమాదం. రాత్రి ఎనిమిదింటికే పడుకోండి, లేదా నడపడం వచ్చిన ఇంకొకరిని వెంట తెచ్చుకోండి.

బయల్దేరడానికి కనీసం మూడు నాలుగు గంటల ముందే కొంచెం తిండి, అంతే. నిండు కడుపుతో కుక్క కక్కుకుంటుంది. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద ఛాతీ కుక్కలకు తిన్న వెంటనే పరిగెత్తిస్తే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం కూడా ఉంది. దారిలో దాబా బిర్యానీ ముక్కలు పెట్టొద్దు. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, ఉల్లి దాని రక్తకణాలను నాశనం చేస్తుంది. ఇంట్లో తాగే నీళ్లే 20 లీటర్ల క్యాన్‌లో పట్టుకెళ్లండి. నీరు మారితే విరేచనాలు పట్టుకుంటాయి, ఎండలో విరేచనాలు పట్టుకున్న కుక్క తొందరగా నీరసిస్తుంది. ఒంటి మీద పోయడానికి ఇంకో క్యాన్ విడిగా ఉంచండి. దీన్ని మాత్రం ఎవరూ తాగొద్దు, చేతులు కడుక్కోవద్దు.

కారు ఆపాక తలుపు తీయకముందే కుక్కకు తాడు తగిలించాలి, తాడు రెండో కొస ముంజేతికి చుట్టుకోవాలి, ఆ తర్వాతే తలుపు. హైవే దాబాలన్నీ అక్కడి వీధికుక్కల రాజ్యం. ఐదారు ఒక్కసారిగా మీదికొస్తే మీ కుక్క మీ చేతిలోంచి జారి రోడ్డు మీదికి, లారీల కిందికి పరిగెత్తుతుంది. అందుకే జనం లేని పెట్రోలు బంకు పక్కనో, చెట్టు నీడనో ఆపడం నయం. దింపేముందు మీ చేతిని తిప్పి వెనక వైపు నేల మీద ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కాళ్లూ ఆ నేల మీద ఆనకూడదు. పొద్దు గుంకాక కూడా తారు చాలాసేపు కాలుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా వడదెబ్బ తగిలితే ఏం చేయాలో కారులో ఉన్న ప్రతి ఒక్కరికీ, పదేళ్ల పిల్లాడితో సహా, తెలిసి ఉండాలి. మొదటి గుర్తు ఆగని రొప్పు, చిక్కటి చొంగ. పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్లు ఇటుక రంగులో ఎర్రబడి ఉంటాయి. తర్వాత కళ్లు తేలేయడం, తూలడం, వాంతులు, రక్త విరేచనాలు. చిగుళ్లు పాలిపోయినా, నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా ప్రాణం అంచున ఉన్నట్టే. ఆ క్షణంలో చాలామంది ఆసుపత్రి వెతుక్కుంటూ కారు దౌడు తీయిస్తారు. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు గట్టిగా ప్రచారం చేస్తున్న మాట ఇది. నీడలోకి తీసుకెళ్లి, విడిగా ఉంచిన ఆ రెండో క్యాన్ నీళ్లు మెడ, పొట్ట, తొడల లోపల, చంకల్లో, కాళ్ల మీద ఆగకుండా పోయండి. ఒకరు పోస్తుంటే ఒకరు అట్టముక్కతో విసరండి. వీపు మీద తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడెక్కి ఆవిరిని లోపలే ఆపేస్తుంది. ఐస్ ఎక్కడ దొరుకుతుందా అని ఊరంతా తిరగొద్దు, చేతిలో ఉన్న నీళ్లే పోయండి. స్పృహలో ఉంటే గిన్నె ముందు పెట్టండి, తాగితే తాగుతుంది. నోరు తెరిచి పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మలద్వారంలో పెట్టి చూసే డిజిటల్ థర్మామీటర్ దగ్గరుంటే, 39.5 డిగ్రీలకు దిగగానే నీళ్లు పోయడం ఆపండి.

అప్పుడు బయల్దేరండి, ఏసీ పూర్తిగా పెట్టి, దగ్గరలోని పశువైద్యుడి దగ్గరికి. కుక్క లేచి తోక ఊపినా సరే వెళ్లాల్సిందే. మూత్రపిండాలు చెడటం, రక్తం గడ్డకట్టే శక్తి పోవడం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడతాయి. 'లేచింది కదా' అని ప్రయాణం కొనసాగించినవాళ్లు మర్నాడు పోగొట్టుకుంటారు. దారిలో వచ్చే ప్రతి పెద్ద ఊళ్లోనూ ఒక పశువైద్యుడి ఫోను నంబరు ముందే కాగితం మీద రాసుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్‌లో వెతకడం కుదరదు. సంచార పశువైద్య వాహనాల నంబరు 1962. అవి ముఖ్యంగా పల్లెల్లో పాడి పశువుల కోసం తిరిగేవి, కానీ దగ్గర్లో డాక్టరు ఎక్కడున్నాడో చెప్పగలిగేది ఆ నంబరే కావచ్చు. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033.

ఇంత శ్రమ పడలేమనిపించిన కొందరు చేసే పని ఇంకొకటుంది. దాన్నీ చెప్పుకోవాలి. వాచ్‌మన్ చేతిలో రెండు వేలు పెట్టి, 'నాలుగు రోజులు చూస్తుండు, వచ్చి తీసుకెళ్తాం' అని చెప్పి, తిరిగి రారు. ఊరి చివర దింపేసి కారు ముందుకు పోనిచ్చేవారూ ఉన్నారు. సోఫా మీద పెరిగిన కుక్కకు చెత్తకుండీలో తిండి వెతుక్కోవడం రాదు. వీధికుక్కలు దాన్ని ఆ వీధిలో బతకనివ్వవు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం కూడా 11వ సెక్షన్ కింద నేరమే. నిజంగా తీసుకెళ్లలేకపోతే చుట్టాల్లోనో, స్నేహితుల్లోనో దాన్ని మనస్ఫూర్తిగా పెంచుకునే ఇల్లు వెతకండి. నెల ముందు వెతికితే దొరుకుతుంది, లారీ గేటు ముందు ఆగాక వెతికితే దొరకదు. 'కొత్త అపార్ట్‌మెంటులో కుక్కలను రానివ్వరట' అన్నది వదిలేయడానికి సాకు కాకూడదు. అందరూ కలిసి తీర్మానం చేసినా సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించలేవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఇంటి ఓనరుతో ఆ మాట అడ్వాన్సు కట్టకముందే తేల్చుకోండి.

కొత్త ఇంటికి చేరాక తొలి రెండు వారాలు తాడు లేకుండా గుమ్మం దాటనివ్వకండి. దానికి ఆ వీధి వాసన తెలియదు. గేటు తెరిచి ఉంటే పాత ఇల్లు వెతుక్కుంటూ ఎటు పోతుందో దానికే తెలియదు. బాల్కనీ ఊచల మధ్య సందు చూడండి, తల పట్టేంత ఉంటే వల కట్టించండి. మున్సిపాలిటీలో లైసెన్సు మార్పించి, దగ్గరలోని డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఇవన్నీ తర్వాతి పనులు. ఇవాళ రాత్రి చేయాల్సింది ఒకటే. బీరువాలోంచి కుక్క టీకా కార్డు తీసి, రేబిస్ గడి ఎదురుగా ఉన్న తేదీ చూడండి. గడువు దాటి ఉంటే, లేదా ఆ గడి ఖాళీగా ఉంటే, లారీ బుకింగ్ ఆపి రేపు పొద్దున్నే కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మొదటి టీకా అయితే ఆ రోజు నుంచి నాలుగు వారాలు లెక్కపెట్టి, ఆ తర్వాత వచ్చే తేదీని దాని ప్రయాణానికి పెట్టుకోండి.